లక్షలు పోసి కిచెన్ క్యాబినెట్లు చేయిస్తున్నారా? ముందు సింక్ కింద చూడండి

ప్రశ్న: మేముండేది హైదరాబాద్ మియాపూర్‌లో, 14 ఏళ్ల కిందట కట్టిన అపార్ట్‌మెంట్‌లో. వంటగది 10 అడుగులు, 8 అడుగులు. ఎల్ ఆకారంలో నల్ల గ్రానైట్ గట్టు, దాని కింద కడప బండలు, వాటికి అప్పట్లో కార్పెంటర్ బిగించిన తలుపులు. సింక్ దగ్గరివి ఉబ్బిపోయి మూతపడటం లేదు. ఈసారి అన్నీ తీసేసి మంచి మోడర్న్ క్యాబినెట్లు, హై ఎండ్‌వే చేయించుకోవాలని 8 లక్షలు పక్కన పెట్టుకున్నాం. ఒక షోరూమ్ వాళ్లు తెల్ల హై గ్లాస్ (అద్దంలా మెరిసే) యాక్రిలిక్, హ్యాండిల్స్ లేకుండా, 6 లక్షల 20 వేలు అన్నారు. ఇంకొకరు ఇటలీ నుంచి తెప్పించే మ్యాట్ ఫినిష్ కిచెన్‌కి 9 లక్షల 40 వేలు చెప్పి ఎనిమిదిన్నరకి దిగారు. అత్తయ్యగారేమో స్టీల్ కిచెన్ పెట్టించుకోమంటున్నారు. ఇంట్లో ఐదుగురం, రెండు పూటలా వంట, వారంలో నాలుగు రోజులు ఇడ్లీ, దోశెలు. మళ్లీ పదిహేనేళ్ల దాకా ముట్టుకోకూడదు. ఏది తీసుకోమంటారు? కొటేషన్లు పంపుతున్నాను.

సమాధానం: మీరు పంపిన కొటేషన్లు రెండూ రెండేసి సార్లు చదివానండి. రెండిట్లోనూ షట్టర్ (క్యాబినెట్ తలుపు) రంగు గురించి ఉంది, ఫినిష్ గురించి ఉంది, పదేళ్ల గ్యారంటీ గురించి పెద్ద అక్షరాల్లో ఉంది. లోపలి బాక్స్ ఏ బోర్డుతో చేస్తారో మాత్రం ఒకరు 'వాటర్‌ప్రూఫ్ బోర్డ్' అని రాసి వదిలేశారు, ఇంకొకరు అసలు రాయనే లేదు. హింజ్‌లు (తలుపు బందులు), డ్రాయర్ జారే ఛానళ్ల దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ 'బ్రాండెడ్ హార్డ్‌వేర్' అనేశారు. ఏ బ్రాండ్, ఏ మోడల్, ఎన్ని కిలోలు మోస్తుంది, మొత్తం ఎన్ని పెడతారు, ఒక్క ముక్క లేదు. కాబట్టి ఈ రెండిట్లో ఏదని అడిగితే ఇప్పటికిప్పుడు ఏదీ వద్దనే చెబుతాను. అడ్వాన్స్ ఇవ్వకుండా ఆగడం మంచి పని.

అసలు మాట ముందే చెప్పేస్తాను. మన వంటింట్లో క్యాబినెట్లు పాడయ్యేది తడిసే చోట, కదిలే చోట. మీ 8 లక్షల్లో ముందు ఆ రెండు చోట్లకి ఎంత కావాలో తీసి పక్కన పెట్టండి, మిగిలినదాంతో బయటికి కనిపించే అందం కొనుక్కోండి. షోరూమ్‌లో అమ్మకం దీనికి తలకిందులుగా నడుస్తుంది. అక్కడ ఎవరూ పోపు వేయరు, గిన్నెలు తోమరు, కుక్కర్ పెట్టరు కాబట్టి, లైట్ల కింద షట్టర్ మెరుపు తప్ప మన కంటికి ఇంకేమీ ఆనదు.

నాకిది ఊరికే తెలిసిన విషయం కాదు. నా వంటింటికి మొదటిసారి మాడ్యులర్ చేయించినప్పుడు నేనూ హై గ్లాస్ యాక్రిలిక్ చూసే ఒప్పుకున్నాను. రెండో ఏడాదికి కుక్కర్ ఆవిరి తగిలే పై క్యాబినెట్ కింది అంచు విచ్చుకుంది, నాలుగో ఏడాదికి సింక్ కింద అడుగు పలక మెత్తబడి వేలితో నొక్కితే లోపలికి పోయింది. గ్యారంటీ కాగితం పట్టుకుని వెళ్తే, నీటి వల్ల కలిగిన నష్టానికి వర్తించదు అన్న లైను వేలు పెట్టి చూపించారు. వంటింటి క్యాబినెట్‌కి నీటి వల్ల కాక మరి దేనివల్ల నష్టం వస్తుందండీ? అప్పటి నుంచి ఎవరు కొటేషన్ చూపించినా గ్యారంటీ ఎన్నేళ్లో చూడను, ఏ ఏ వాటికి వర్తించదో ఆ పేరా ముందు చదువుతాను. మీరూ ఆ పేజీ ఇమ్మని అడగండి, ఇద్దరూ మీకు పంపలేదు.

బాక్స్ సంగతి చూద్దాం. షట్టర్ తీసేస్తే మిగిలే డబ్బానే వీళ్లు కార్కస్ అంటారు. 'వాటర్‌ప్రూఫ్ బోర్డ్' అనేది ఒక మెటీరియల్ పేరు కాదు, అది అమ్మేవాళ్ల మాట. ప్లైవుడ్ అయితే మీరు అడగాల్సింది ఐఎస్ 710 అనే ప్రమాణం ఉన్నది, మెరైన్ గ్రేడ్ అంటారు చూడండి, అది. దీని ముక్కని 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచి పొరలు విడిపోతున్నాయో లేదో పరీక్షిస్తారు. ఎంఆర్ (తేమని కొంతవరకే తట్టుకునే రకం) అని ముద్ర ఉన్నది బెడ్‌రూమ్ వార్డ్‌రోబ్‌కి సరే, వంటింట్లోకి వద్దు. షీట్ మీద ఐఎస్ఐ గుర్తు, దాని కింద సీఎం/ఎల్ అని లైసెన్స్ నంబర్ ఉంటాయి. ఆ నంబర్ని ఐఎస్ఐ గుర్తు ఇచ్చే సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఏ కంపెనీదో, లైసెన్స్ నడుస్తోందో లేదో కనిపిస్తుంది. షీట్లు కోయక ముందే ఫ్యాక్టరీ నుంచి ఫొటో పంపమనండి. కోసి లామినేట్ (బోర్డు మీద అంటించే పై పొర షీట్) అంటించాక లోపల ఏముందో ఎవరూ చెప్పలేరు.

ఇంకో రెండు పేర్లు వింటారు. హెచ్‌డీహెచ్ఎంఆర్ అంటే చెక్క పీచుని గట్టిగా నొక్కి చేసిన, తేమని బాగానే తట్టుకునే బోర్డు. చెక్క పీచుతోనే చేసే మామూలు ఎండీఎఫ్ బోర్డు కంటే చాలా మేలు. దీని ఉపరితలం నున్నగా, చదునుగా ఉంటుంది కాబట్టి షట్టర్లకి ఇది బాగుంటుంది. ప్లైవుడ్ షట్టర్ పొడుగ్గా ఉంటే కొన్నాళ్లకి ఒకవైపు వంగే అవకాశం ఉంది, టాల్ యూనిట్ (నిలువుగా పొడుగ్గా ఉండే క్యాబినెట్) తలుపుల దగ్గర అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకని నేనైతే కింది బాక్స్‌లన్నీ 710 ప్లైవుడ్, షట్టర్లు హెచ్‌డీహెచ్ఎంఆర్ అని రాయించుకుంటాను. రెండోది పార్టికల్ బోర్డ్, అంటే చెక్క పొట్టుని జిగురుతో కలిపి నొక్కింది. యూరప్‌లో చాలా ఖరీదైన కిచెన్లలో కూడా బాక్స్ దీనితోనే చేస్తారు, మీ ఇటలీ కొటేషన్ వాళ్లు బోర్డు పేరు రాయకపోవడానికి ఇదే కారణమని నా అనుమానం. అక్కడ అది బాగానే నిలుస్తుంది. మనం సింక్ చుట్టూ నీళ్లు పారబోసి తుడిచే అలవాటున్నవాళ్లం, పండగకి వంటిల్లు కడిగే అలవాటున్నవాళ్లం. పార్టికల్ బోర్డ్ ఒకసారి నీళ్లు తాగి ఉబ్బితే ఆరాక మళ్లీ మామూలవ్వదు, స్క్రూ కూడా అందులో పట్టు వదిలేస్తుంది. ఎనిమిదిన్నర లక్షలు పెట్టి అది కొనాల్సిన అవసరం మీకు లేదు.

కడగడం అంటే గుర్తొచ్చింది. కింది క్యాబినెట్లు నేలమీద నేరుగా కూర్చోకూడదు. 4 అంగుళాల ప్లాస్టిక్ కాళ్ల మీద నిలబడాలి, ముందు కనిపించే స్కర్టింగ్ పట్టీ అల్యూమినియంది గానీ పీవీసీది గానీ క్లిప్‌తో ఊడొచ్చేలా ఉండాలి. చాలామంది ఇక్కడ మిగిలిపోయిన ప్లైవుడ్ ముక్క కోసి నేలకి ఆనించి కొట్టేస్తారు, తడిగుడ్డ పెట్టిన ప్రతిసారీ అది నీళ్లు పీలుస్తుంది, చెదలు కూడా ముందు అక్కడి నుంచే ఎక్కుతాయి.

బోర్డు ఎంత మంచిదైనా కోసిన అంచు దగ్గర అది బలహీనం. ఆ అంచులకి అంటించే పట్టీనే ఎడ్జ్ బ్యాండ్ అంటారు. అది మెషీన్ మీద వేశారా, చేత్తో వేశారా, ఏ జిగురు వాడారు అన్నది పదిహేనేళ్ల ప్రశ్నకి సగం జవాబు. మామూలు హాట్‌మెల్ట్ జిగురు వేడికి మెత్తబడుతుంది, పీయూఆర్ అనే జిగురు ఒకసారి పట్టాక వేడినీ ఆవిరినీ బాగా తట్టుకుంటుంది. కనీసం సింక్, పొయ్యి, డిష్‌వాషర్ పక్కనున్న షట్టర్లకైనా పీయూఆర్ అడగండి. అలాగే ప్లంబర్ వచ్చి పైపు కోసం బాక్స్ వెనక రంధ్రం కొడతాడు చూడండి, ఆ రంధ్రం లోపలి అంచు పచ్చిగా వదిలేస్తారు. సిలికాన్ పూసే దాకా అతన్ని కదలనివ్వకండి. డిష్‌వాషర్ పెడుతున్నట్టయితే దానితోపాటు ఆవిరి తగలకుండా గట్టు కింద అంటించే రేకు కాగితం వస్తుంది, అది డబ్బాలోనే ఉండిపోయి బయటికి పోయిన ఇళ్లు చాలా చూశాను.

ఇక మీరు అసలు అడిగిన షట్టర్లు, అంటే ఆ బోర్డు మీద వచ్చే ఫినిష్. తెల్ల హై గ్లాస్ యాక్రిలిక్ చూడటానికి బాగుంటుంది, చిన్న వంటింట్లో వెలుతురు పెంచుతుంది, అది నిజం. కానీ దానిమీద గీతలు పడతాయి, స్టీల్ పీచు తగిలితే అంతే సంగతులు, ముదురు రంగైతే ప్రతి వేలిముద్రా కనిపిస్తుంది. పైగా మీ దగ్గర బోరు నీళ్లు వస్తుంటే నీటి చుక్క ఆరిన ప్రతిచోటా తెల్ల మరక. పీయూ పెయింట్ అంటే రంగు స్ప్రే చేసి పాలిష్ చేసేది, అతుకు లేకుండా ఏ రంగైనా వస్తుంది, కానీ గిన్నె అంచు తగిలి పెచ్చు ఊడితే ఆ షట్టర్ మొత్తం మళ్లీ రంగు వేయించాలి, పాత రంగుతో కలవదు. మెంబ్రేన్ అని ఎవరైనా అంటే పొయ్యి దగ్గరికి రానివ్వకండి, అది ఎండీఎఫ్ మీద వేడితో అంటించిన పీవీసీ పొర, మళ్లీ వేడి తగిలితే లేచిపోతుంది. అల్యూమినియం ఫ్రేమ్‌లో వెనక రంగు వేసిన గాజు నాకు చాలా ఇష్టం. నూనె జిడ్డు ఒక్క తుడుపుతో పోతుంది, పసుపు పట్టదు. బరువెక్కువ కాబట్టి హింజ్‌లు మంచివి కావాలి.

రోజూ వంట చేసే ఇంటికి కింది వరస షట్టర్ల విషయంలో మాత్రం నాకు రెండో ఆలోచన లేదు. వేలిముద్రలు పడని రకం మ్యాట్ లామినేట్, 1 మి.మీ. మందంది. లామినేట్ అనగానే చవక రకం అనుకునే రోజులు పోయాయి. ఇప్పుడు వస్తున్న సూపర్ మ్యాట్ రకాలు చేత్తో తడిమితే వెల్వెట్‌లా ఉంటాయి, మీ ఇటలీ కొటేషన్‌లో ఉన్నది కూడా ఈ కుటుంబానిదే. మన దేశంలో దొరికే మంచి కంపెనీ షీట్‌కీ దానికీ తేడా ఉంది, కానీ మీరు కడుతున్న డబ్బులో ఉన్నంత తేడా లేదు. అయితే ఎవరి మాటా నమ్మకండి, నా మాట కూడా. రెండు షోరూముల నుంచీ అరచేయంత శాంపిల్ ముక్కలు ఇంటికి తెచ్చుకోండి. వేడి నూనెలో పసుపు, కారం కలిపి ఒక చుక్క, కాస్త చింతపండు పులుసు, ఇంకోచోట కాఫీ డికాషన్ వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున మామూలు గిన్నెల సబ్బుతో తుడవండి. తర్వాత అదే ముక్క అంచుని పొంగుతున్న కుక్కర్ ఆవిరి దగ్గర పది నిమిషాలు పట్టుకోండి. ఈ ఒక్క పరీక్షతో లేత రంగు మ్యాట్ ఫినిష్‌లలో కొన్ని వాటంతటవే పక్కకి తప్పుకుంటాయి, ఎందుకంటే కొన్ని పసుపు మరకని వదలవు. తెలుపు మీద మీకు అంత మనసుంటే పై వరసకి పెట్టుకోండి, గాజుతోనో యాక్రిలిక్‌తోనో. కింది వరసకి బూడిద రంగు, మట్టి రంగు, లేదా చెక్క గీతల డిజైన్ ఏదైనా. పొయ్యికి రెండు పక్కలా ఉన్న పై షట్టర్లు మాత్రం గాజువే పెట్టించమంటాను, చిమ్నీ ఎంత లాగినా మన పోపు జిడ్డు కొంత అక్కడికి చేరుతూనే ఉంటుంది.

మీ అత్తగారి మాట తీసిపారేసేది కాదు. చెదలు, తేమ, ఉబ్బడం అన్న బాధ స్టీల్‌కి లేదు. వంటింట్లో నలభై ఏళ్లు నిలబడ్డ మనిషి ఆ మాట అన్నారంటే ఉబ్బిన తలుపులతో విసిగిపోయే అని ఉంటారు. కాకపోతే స్టీల్ అని చెప్పి 202 గ్రేడ్ అంటగట్టేవాళ్లు ఉన్నారు. మీకు కావలసింది 304, అందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202లో నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచుతారు, తుప్పు త్వరగా పడుతుంది. అయస్కాంతం పెట్టి చూడమని చాలామంది చెబుతారు, దానివల్ల లాభం లేదు, 202 కూడా అయస్కాంతానికి పెద్దగా అంటుకోదు. గ్రేడ్ తేల్చే చుక్కల మందు కిట్ దొరుకుతుంది, అది వాడాలి, లేదా బిల్లు మీద గ్రేడ్ రాయించుకోవాలి. మొత్తం కిచెన్ స్టీల్ అంటే సొట్టలు పడతాయి, తలుపు వేసినప్పుడు చప్పుడు, ఖర్చు కూడా బాగా పెరుగుతుంది. మధ్యే మార్గం ఒకటి ఉంది. సింక్ కింద ఉండే ఒక్క బాక్స్ 304 స్టీల్‌తో చేయించండి, బయటి షట్టర్ మాత్రం మిగతా వాటిలాగే ఉంటుంది. ఇది చాలామంది తయారీదారులు చేసి ఇస్తారు. ఆవిడ మాట నిలబడుతుంది, మీ సింక్ కింద కూడా ఇంకేదీ ఉబ్బదు.

కదిలే చోటికి వచ్చాం. ఇక్కడ నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే రోజూ మీ చేతికి తెలిసే తేడా ఇదే. మీ కొటేషన్లో కింది వరసలో ఎనిమిది తలుపులు, మూడు డ్రాయర్లు ఉన్నాయి. తిరగేయించండి. సింక్ కింద ఒక తలుపు, గ్యాస్ సిలిండర్ లోపలే పెడితే దానికొకటి, మూలకొకటి. మిగతా అంతా డ్రాయర్లే. తలుపు తీసి, వంగి, ముందున్న గిన్నెలు జరిపి, వెనకాల ఉన్న ఇడ్లీ పాత్ర తీయడం ఇన్నేళ్లూ చేశారు కదా. పూర్తిగా బయటికి వచ్చే డ్రాయర్‌లో ఆ పాత్ర దానంతట అదే మీ కళ్ల ముందుకి వస్తుంది. అత్తగారి మోకాళ్లకీ, రేపు మీ నడుముకీ ఇంతకంటే మంచి ఖర్చు లేదు.

ఈ హింజ్‌లు, ఛానళ్లు చేసేవాళ్లలో బ్లమ్ ఆస్ట్రియా కంపెనీ, హెట్టిచ్, హఫెలే జర్మనీవి, ఎబ్కో మన దేశానిది. వీటిలో ఏదైనా సరే, కానీ పేరొక్కటే చాలదు. ఒక్కో కంపెనీలో చవక రకమూ ఉంటుంది, పై రకమూ ఉంటుంది. మోడల్ పేరు, ఎన్ని కిలోలు మోస్తుందో కొటేషన్లో రాయించండి. మామూలుగా వచ్చే 30 కిలోల ఛానల్ గరిటెలకీ పళ్లేలకీ సరిపోతుంది. ఇనప మూకుళ్లు, కుక్కర్లు, రాతి పాత్రలు పెట్టే అడుగు డ్రాయర్‌కి చాలదు. అక్కడ 50 కిలోలు దాటి మోసేది అడగండి. 25 కిలోల బియ్యం బస్తా డ్రాయర్‌లో ఒంపుకుందాం అనుకుంటే డ్రాయర్ అడుగు పలక మందం కూడా అడగాలి. హింజ్‌ల విషయానికొస్తే మంచి కంపెనీలు తమ సాఫ్ట్ క్లోజ్ (చప్పుడు లేకుండా మెల్లగా మూసుకునే) హింజ్‌ని 2 లక్షల సార్లు తెరిచి మూసి పరీక్షిస్తాయి. ఒక తలుపు రోజుకి 30 సార్లు తీశారనుకోండి, ఏడాదికి 11 వేల సార్లు, అంటే 18 ఏళ్లు. మీ పదిహేనేళ్ల లెక్క ఇక్కడ సరిగ్గా కుదురుతుంది. క్రోమ్ పూత వేసిన తీగ బుట్టలు ఇస్తామంటే వద్దనండి, తడి గిన్నెలు పెట్టిన చోట పూత లేచి తుప్పు పడుతుంది, సందుల్లో చేరిన జిడ్డు తోమడం పెద్ద పని. మూల కోసం మ్యాజిక్ కార్నర్ అని, లోపలి అరలు బయటికి జరిగి వచ్చే చాలా ఖరీదైన అమరిక చూపిస్తారు. ఎప్పుడో గానీ వాడని పెద్ద గిన్నెలు, పండగ సామాన్లు ఆ మూలలో పెట్టుకుని, ఆ డబ్బు ఇంకో రెండు మంచి డ్రాయర్లకి పెట్టమంటాను నేను.

హ్యాండిల్స్ లేకపోవడం చూడటానికి శుభ్రంగా ఉంటుంది, మోడర్న్ అనిపించేది కూడా అదే. గోలా ప్రొఫైల్, అంటే గట్టు కింద వేళ్లు పట్టే గాడి ఉన్న అల్యూమినియం పట్టీ, అది పర్లేదు, తడి చేత్తో కూడా తీయొచ్చు. గాడిలో పిండీ జిడ్డూ చేరుతుంది కాబట్టి వారానికోసారి తుడవాలి, అంతే. నొక్కితే తెరుచుకునే పుష్ ఓపెన్ రకం మాత్రం కింది వరసకి వద్దు. గట్టుకి ఆనుకుని నిలబడి గిన్నెలు తోముతుంటే పొట్ట తగిలి డ్రాయర్ తెరుచుకుంటుంది, పైగా జిడ్డు చేతి ముద్రలన్నీ షట్టర్ మీదే పడతాయి. అలాగే పై వరసకి మీదికి లేచే తలుపులు గీశారు మీ డ్రాయింగ్‌లో. తెరిచాక ఆ అంచు ఎంత ఎత్తులో ఆగుతుందో గోడ మీద పెన్సిల్ గీత గీసి, మీ అత్తగారి చెయ్యి అందుతుందేమో చూడండి. అందకపోతే మామూలు తలుపులే మంచివి.

ఇప్పుడు మీ కడప బండలు. ఇది మీరు ఒక్క వాక్యంలో చెప్పేసి వదిలారు, షోరూమ్ వాళ్లు దాని ఊసే ఎత్తలేదు, మీ పనిలో పెద్ద నిర్ణయం మాత్రం అదే. మన పాత అపార్ట్‌మెంట్లలో గ్రానైట్ గట్టు బరువంతా నిలువు కడప బండలే మోస్తుంటాయి. వాటిని ఉంచి మధ్య మధ్యలో బాక్సులు దూర్చి తలుపులు వేయడం ఒక దారి. ఖర్చు, దుమ్ము తక్కువ. కానీ ఆ బండల మధ్య ఎడం ఎక్కడా ఒకేలా ఉండదు, పైన 22 అంగుళాలుంటే కింద ఇరవై ఒకటిన్నర ఉంటుంది. డ్రాయర్ ఛానళ్లకి రెండు పక్కలూ మిల్లీమీటర్ల లెక్కన సమాంతరంగా ఉండాలి కాబట్టి బండకీ బాక్స్‌కీ మధ్య సందు వదలాల్సిందే, ప్రతి గడిలోనూ రెండు మూడు అంగుళాల వెడల్పు పోతుంది, ఆ సందులో బొద్దింకలు చేరతాయి. ఇన్ని లక్షలు పెడుతున్నప్పుడు బండలు తీయించేయడమే సరైన పని. గట్టు ఊడదీయాలి, కొన్ని టైల్స్ పగులుతాయి, మూడు నాలుగు రోజులు ఇల్లంతా దుమ్ము, అసోసియేషన్ వాళ్లని అడిగి పని వేళలు చూసుకోవాలి. సజ్జనీ, బీమ్‌నీ మాత్రం కొట్టనివ్వకండి. సింక్ చోటు కూడా మార్చకండి, డ్రైనేజీ వాలు తప్పితే అదో కొత్త తలనొప్పి. ఈ ఖర్చు, కొత్త గట్టు ఖర్చు మీ రెండు కొటేషన్లలోనూ లేవు, గమనించారా? గట్టుకి మళ్లీ గ్రానైటే వేయించండి. వేడి మూకుడు తీసి నేరుగా పెట్టే అలవాటు మనది, క్వార్ట్జ్ పేరుతో అమ్మే తయారీ రాయిలో రెజిన్ (ప్లాస్టిక్ లాంటి జిగురు) కలుస్తుంది కాబట్టి ఆ వేడికి మచ్చ పడుతుంది.

గట్టు తీయడం వల్ల ఇంకో మేలుంది, ఎత్తు సరిచేసుకోవచ్చు. మోచెయ్యి మడిచి నిలబడండి, మోచేతి కింద 4, 5 అంగుళాలు దిగువకి గట్టు ఉంటే భుజాలు పట్టేయవు. ఎక్కువసేపు ఎవరు వండుతారో వాళ్ల కొలత తీసుకోండి.

ఒక చిన్న ముచ్చట చెప్పి ముందుకెళ్తాను. ఇవాళ మాడ్యులర్ కిచెన్ అంటున్న దానికి మూలం 1926లో జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కట్టించిన ఇళ్ల కోసం మార్గరెట్ షూటె లిహోట్స్కీ అనే ఆర్కిటెక్ట్ గీసిన వంటిల్లు. సుమారు పదివేల ఇళ్లలో పెట్టారు. ఆవిడ మొదలుపెట్టింది రంగుతోనూ ఫినిష్‌తోనూ కాదు, వంట చేసే మనిషి ఎన్ని అడుగులు వేస్తోంది, ఏ వస్తువు కోసం ఎటు తిరుగుతోంది అన్నదానితో. బియ్యం లాంటి సరుకులకి చేత్తో లాగి ఒంపుకునే అల్యూమినియం డబ్బాలు కూడా పెట్టింది. మీరూ ఓ మూడు రోజులు అదే పని చేయండి. పొద్దున దోశెలు పోసేటప్పుడు ఏది ఎన్నిసార్లు తీస్తున్నారో కాగితం మీద రాయండి. పోపు డబ్బా, నూనె, గరిటెలు పొయ్యి పక్క డ్రాయర్లో, పళ్లేలు సింక్ పక్కన, గ్రైండర్ కదపకుండా ఒక చోట, దానికి స్విచ్ బోర్డు. ఆవకాయ జాడీల ఎత్తు కొలిచి టాల్ యూనిట్‌లో ఒక అర ఆ ఎత్తుకి వదిలించండి. డిజైనర్ గీసిచ్చిన డ్రాయింగ్ కంటే ఆ కాగితం మీకు ఎక్కువ పనికొస్తుంది.

సిలిండర్ విషయం మరిచిపోయేలోపు చెప్పేస్తాను. పైప్ గ్యాస్ లేకపోతే, సిలిండర్ క్యాబినెట్ లోపలే పెట్టేట్టయితే, దాని తలుపుకి అడుగున గాలి ఆడే జాలీ ఉండి తీరాలి. ఎల్పీజీ గాలికంటే బరువు, లీకైతే కిందే పేరుకుంటుంది, పైన ఎన్ని రంధ్రాలు పెట్టినా ఉపయోగం ఉండదు. అందం పోతుందని ఎవరన్నా సరే ఒప్పుకోకండి.

డబ్బు దగ్గర ఒక్క జాగ్రత్త. చదరపు అడుగుకి ఇంత అని కొటేషన్ ఇస్తే మూల కొలతని రెండుసార్లు లెక్కేశారేమో చూడండి, మీ మొదటి కొటేషన్లో అలాగే ఉంది. అడుగుల లెక్క వదిలేసి ఒక్కో బాక్స్‌కి విడిగా, దాని బోర్డు, షట్టర్, హింజ్‌లు, ఛానళ్లు అన్నీ కలిపి ధర రాయమనండి. 18 శాతం జీఎస్టీ అందులోనే ఉందా, పైన విడిగా కట్టాలా అని అడగండి. ఇటలీ వాళ్ల 8.5 లక్షలకి జీఎస్టీ పైన విడిగా అయితే అది పది లక్షలు దాటింది. చివరి 10 శాతం బిగించిన రోజున ఇవ్వకుండా, ఒక నెల వాడి తలుపులు సర్దించాక ఇస్తామని ముందే రాసుకోండి. ఇంపోర్ట్ వాటికి ఇంకో చిక్కుంది. ఎనిమిదేళ్ల తర్వాత ఒక షట్టర్ పాడైతే అదే రంగు, అదే షీట్ దొరుకుతుందా? ఎవరి దగ్గర తీసుకున్నా రెండు మూడు షీట్ ముక్కలు అదనంగా ఇప్పించుకుని సజ్జ మీద దాచుకోండి.

కాబట్టి మీ జవాబు ఇది. ఇటలీది వదిలేయండి. మొదటి షోరూమ్ వాళ్లకే ఫోన్ చేసి, కింది బాక్సులు 710 ప్లైవుడ్, సింక్ కింద 304 స్టీల్, కింది వరస మ్యాట్ లామినేట్ డ్రాయర్లు, పొయ్యి పక్కన పైన గాజు, మిగతా పైవరస వాళ్లు చెప్పిన తెల్ల యాక్రిలిక్, గోలా పట్టీ, హార్డ్‌వేర్ మోడల్ పేర్లతో సహా కొత్త కొటేషన్ అడగండి. బండలు తీయడం, గ్రానైట్, ప్లంబింగ్, కరెంటు పనికి మీ 8 లక్షల్లోంచి ముందే లక్షన్నర పక్కన పెట్టి, మిగతాదే వాళ్లకి బడ్జెట్‌గా చెప్పండి. సరిపోకపోతే పైవరస యాక్రిలిక్ తీసేసి లామినేట్ చేయించండి, డ్రాయర్లు తగ్గించకండి. వాళ్లు రాసివ్వడానికి తటపటాయిస్తే ఇంకో చోటు చూసుకోండి.

వాళ్లు కొత్త కొటేషన్ పంపే లోపు మీరు ఒక్క పని చేయండి. పాత తలుపులు సింక్ దగ్గరే ఉబ్బాయన్నారు కదా. ఒక రాత్రి సింక్ కింద సామానంతా తీసి, పొడి న్యూస్‌పేపర్ పరిచి, పొద్దున చూడండి. తడిస్తే పైపులోనో గోడలోనో లీకుంది. ముందు ప్లంబర్ని పిలిచి అది కట్టించండి, ఆ తర్వాతే ఎవరికైనా అడ్వాన్స్ ఇవ్వండి.